జలుబుకని వచ్చిన పిల్ల

పాశమైలారం మెడికల్ క్యాంపుకు దేవమ్మ మనవరాలిని జలుబని తీసుకొచ్చింది. ఏడాది పిల్ల హరిచందన. నుదుటి మీది తెల్లజుట్టు పాయ, లేత నీలి కళ్లు చూడగానే డాక్టరునైన నాకు అనుమానం మొదలైంది.

“గా తెల్లపాయ మా ఇంటోల్ల గుర్తు, మేడం. మా ఆయనకు గూడ ఉండె,” నవ్వింది దేవమ్మ. “బంగారం గీ పిల్ల! పక్కన కంపెనీ సైరన్ మొత్తుకున్నా లేవదు.”

పిల్ల వెనక చేరి చప్పట్లు కొట్టాను. తిరగలేదు.

“వినికిడి పరీక్ష చేయించాలమ్మా. ఇలాంటి పాయ ఉన్న పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే చెవుడు ఉంటుంది.”

దేవమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది.

“తెలుసు మేడం. మా ఆడిబిడ్డ గిట్లనే పుట్టింది, సచ్చేదాక మాట పలకలె. జలుబని కోడలికి అబద్ధం చెప్పి తెచ్చిన. జెర మెల్లగ మాట్లాడుండ్రి, బయటనే కూసుంది. దానికి మల్ల ఐదో నెల.”