పెట్టె వెంట వచ్చినవాళ్ళు

జార్జియా పార్లమెంటు ఎన్నికల్లో లేవలేనివాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళే ఓట్ల పెట్టెను చెరోపక్క పట్టుకుని అక్కాచెల్లెళ్ళు ఎతెరి, లియా పుట్టింటి గేటు తోసేసరికి, మంచం పట్టానని కబురంపిన తండ్రి వలికో నిచ్చెనెక్కి ద్రాక్షపళ్ళు కోస్తున్నాడు.

"కాళ్ళు కదలడం లేదన్నావు?" అంది ఎతెరి.

"పొద్దున కదల్లేదమ్మా."

"బడిలో బోలెడు పోలింగు పని వదిలేసి వచ్చాను."

"ఆవిడ పార్టీకి అక్కడ పనేముందో అడుగు నాన్నా," అంది లియా.

చెరో పార్టీలో చేరినప్పటినుంచీ వాళ్ళ మాటలన్నీ తండ్రి మీదుగానే. ఒకరొచ్చిన రోజు ఇంకొకరు ఈ గడప తొక్కరు.

బల్లమీద వేడి వేడి చీజు రొట్టె, మూడు పళ్ళేలు కనిపించాయి. ఎతెరి ఆగిపోయింది.

"ఇద్దరం వస్తామని నీకెలా తెలుసు?"

"పెట్టె ఇంటికి రావాలంటే రెండు పార్టీల ఏజెంట్లూ వెంట ఉండాలిగా, మన ఊళ్ళో ఆ ఇద్దరూ మీరేగా. మిమ్మల్ని కలిపి రప్పించడానికి నాకు ఇంకో దారి దొరకలేదు."

లియా రొట్టె తుంచి పెద్దముక్క అక్క పళ్ళెంలో పెట్టింది.

"నువ్వు తినవే, పొద్దుట్నుంచీ ఖాళీ కడుపుతో తిరుగుతున్నావు," అంది ఎతెరి, ఈసారి చెల్లెలి మొహం చూసి.

తిన్నాక వలికో ఓటేశాడు.

"వచ్చే ఎన్నికలకీ ఇలాగే మంచం పడతావా?" అంది లియా.

"అంతదాకా దేనికే? రేపు నాకు జ్వరం వచ్చేలా ఉంది."