మడి వదిలినవాళ్లు

ఆరేళ్లు ఎదురుచూశాక ఊరి కౌన్సిల్ మడులుగా అద్దెకిచ్చే తోటలో మ్యూరియల్‌కు దక్కిన కూరగాయల మడి అది. నడుమెత్తు దురదగొండి కోసేసరికి, పిడిదాకా దిగబడిన మూడు పారలు బయటపడ్డాయి.

"మడి వదిలేస్తే వదిలేశారు, పారలు పట్టుకుపోవడానికీ బద్ధకమేనా వెధవలకి!"

"ముగ్గురూ కష్టజీవులే తల్లీ. పొద్దుగూకింది, ఇంటికి పో," అన్నాడు పక్క మడి ముసలి క్లెమ్, వెళ్లిపోతూ.

"నీ పని నువ్వు చూసుకో తాతా!"

విసురుగా తన పార దించింది. లాగితే రాలేదు. ఏదో చెట్టు వేరు పట్టుకుందనుకుంది. అంతలో మట్టి కింద ఎవరో రొప్పుతున్న చప్పుడు. పార జానెడు లోపలికి జారింది.

ఆ ముగ్గురూ పారలు వదిలేసి పరుగెత్తారని అప్పుడర్థమైంది. ఆమెకు ఒళ్లు మండింది.

"పోయిన మా ఆయన పార ఇది. చస్తే ఇవ్వను!"

పళ్లు బిగించి లాగుతూనే ఉంది. అప్పటికే ఆమె మోకాళ్లదాకా మట్టిలోకి దిగబడిపోయింది.