సారు ఒక్కపొద్దు

"మీ బాయి నీళ్లు మంచిగున్నయి. రేపటి నుంచి ట్యాంకర్ రాదు," అన్నాడు విద్యాసాగర్.

తండా జనమంతా ఆయన జీపు చుట్టూ మూగారు.

గూడూరు అడవి అంచున మిలిటరీ మందుగుండు డిపో ఉంది. అక్కడి విషపు వ్యర్థాలు భూమిలోకి ఇంకి తండా బావి పాడయింది. అప్పటి నుంచి ట్యాంకర్ నీళ్లే దిక్కు. వ్యర్థాలు తగ్గిస్తామని డిపోవాళ్లు ఓ పథకం పెట్టారు. అది పనిచేసిందో లేదో తేల్చే పెద్దమనిషి ఈ విద్యాసాగర్. డిపో అంతా తిరిగాడు, అక్కడే కోడికూరతో భోంచేశాడు, ఇక్కడికొచ్చి తీర్పు చెప్పేశాడు.

"విషం సగానికి సగం తగ్గింది. ఇంక మీకేం భయం లేదు."

"మరి మొన్న మా మేకలెందుకు సచ్చినయి సారూ?" తండా పెద్ద బీక్యా అడిగాడు.

"మేకలన్నంక ఏదో ఒకటి తింటయి."

జనంలో ఉన్న తుల్సీబాయి కోడలి వైపు చూసింది. కల్యాణికి నెలలు నిండాయి. పోయినేడు కడుపు నిలవలేదు. ట్యాంకర్ ఆగితే ఆ పిల్ల తాగాల్సింది ఆ బావి నీళ్లే.

"ఎండల వడి వచ్చినవు సారూ, జర నీళ్లన్న తాగు," అంది. "కల్యాణీ, సారుకు నీళ్లు తే," అని కోడలికి కనుసైగ చేసింది.

కల్యాణి భారంగా లేచింది. జీపు వెనకనుంచి చుట్టి వచ్చి ఇత్తడి చెంబు ఆయన చేతికిచ్చింది. జీపు డ్రైవర్ పోశాలు చూసీ చూడనట్టు తల వంచుకుని బీడీ ముట్టించాడు.

అందరి కళ్లూ చెంబు మీదే.

విద్యాసాగర్ చెంబులోకి చూశాడు. అడుగున ఏదో మసక ఉన్నట్టు తోచింది. నూనెలాంటి వాసన వస్తున్నట్టు అనిపించింది. పెదవుల దాకా వెళ్లిన చెంబు అక్కడే ఆగింది.

"దూప లేదమ్మా."

"గింత ఎండల దూప గాదా? ఒక్క గుక్క తాగు సారూ. మాకు ధైర్నం."

"ఇయ్యాల శనివారం. ఒక్కపొద్దున్న."

"అయ్యో, ఒక్కపొద్దుంటే నీళ్లు గూడ తాగొద్దా?"

ఆయన చటుక్కున చెంబు వంచి నీళ్లు నేలపాలు చేశాడు.

కల్యాణి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. తుల్సీబాయి ఖాళీ చెంబు అందుకుని ఆయన మొహంలోకి చూసింది.

"గవి మా బాయి నీళ్లు గావు సారూ, నీ జీపుల ఉన్న, నువ్వు తాగే క్యాన్ నీళ్లే."