నాలుగు తాతగారు

"సున్నా అంటే నొప్పే లేదు. పది అంటే భరించలేనంత. మీది ఎంత తాతగారూ?"

నర్సు ఫైలు మీంచి తలెత్తలేదు.

కడుపు ఆపరేషనైన ముసలాయన నోరు తెరిచేలోగా, పక్క మంచం దగ్గరి పెద్ద నర్సు పలకరించింది.

"ఎంతవరకు వచ్చిందే నీ పరిశోధన?"

"ఈయనతో నలభై మంది అక్కా. పొద్దున్నుంచి రెండింటిదాకా, నా డ్యూటీ అయ్యేవరకు, మాత్రతోనే సరిపోవాలి. నొప్పి ఆరు దాటిందా, ఇంజెక్షన్ ఇవ్వాలి. ఇచ్చామా, ఆ మనిషి లెక్కలోంచి పోయినట్టే. ఈయన కూడా పోయాడంటే గడువు దాటిపోతుంది, నా చదువు గోవిందా!"

మళ్లీ ఇటు తిరిగింది.

"చెప్పండి, ఎంత?"

ముసలాయన ఆమె చేతిలోని ఫైలు వైపు చూశాడు.

"నాలుగమ్మా."

"అమ్మయ్య!"

ఐదు రోజులూ అదే అంకె. ఆమె ఆయనకు నాలుగు తాతగారని పేరు పెట్టేసింది.

"ఇవాళైనా మూడు చెప్పరా, నాలుగు తాతగారూ?"

"మరీ అంత ఆశ పనికిరాదమ్మాయ్."

దుప్పటి అంచు పట్టుకుని ఆయన పిడికిలి బిగిసి ఉంది. చలి కాబోలనుకుని ఫ్యాను తగ్గించింది.

"కాసేపు కూర్చోరాదూ?"

"ఇంకా ఆరు పేజీలు నింపాలి. రేపు కూర్చుంటా, ఒట్టు."

ఐదో రోజూ అదే మాట చెప్పింది.

ఆరో రోజు సెలవు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ ఒట్టు ముల్లులా గుచ్చింది. ఏడో రోజు ఫైలు పట్టుకోకుండా నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది.

మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"నిన్ననే ఇంటికి పంపించేశాం," అంది పెద్ద నర్సు. "ఆ అమ్మాయికి నలభై మంది నిండారా అని అడిగాడే. నిండారన్నాను. అమ్మయ్య అన్నాడు."

ఆమె నవ్వింది.

ఆయన వెళ్లిన తేదీ రాసుకోవాలని వార్డు కేసు షీటు తెరిచింది. ఇన్నాళ్లూ తన ఫైలు తప్ప దాన్ని ముట్టుకోలేదు.

నొప్పి అంకె రాసే ఉదయం గడులన్నీ ఖాళీ. ఫైల్లో రాస్తున్నాను కదా అని ఆమే వదిలేసింది.

వాటి కింద, ఆమె డ్యూటీ దిగిన పావుగంటకి, మధ్యాహ్నపు నర్సు ఐదు రోజులూ ఒకే మాట రాసింది: నొప్పి తొమ్మిది, ఆయనే అడిగి ఇంజెక్షన్ చేయించుకున్నారు.