రెండో నంబరు మంచం

"దిగవయ్యా. ఆ పలక పెట్టడం లేదు," అన్నాడు సూపరింటెండెంటు.

గోడకు అప్పటికే రెండు చిల్లులు పడ్డాయి. మూడోదానికి డ్రిల్లింగ్ మిషను ఎత్తిన వడ్రంగి స్టూలు మీద అలాగే ఆగిపోయాడు.

ఇత్తడి పలక మీద పది రోజుల కిందట చనిపోయిన నర్సమ్మ పేరు. కొత్త పిల్లల వార్డుకు ఆ పేరు పెడుతున్నామని ఆస్పత్రివాళ్ళే కబురు పంపారు. నాలుగు గంటలకు కింద ప్రార్థన గదిలో జ్ఞాపకార్థ కూటం. అది అయిపోగానే పలక ఆవిష్కరణ.

గడియారం మూడు దాటింది.

"ఎందుకు పెట్టరో చెప్పండి," అంది నర్సమ్మ కూతురు. ఆమె పోలీసు ఇన్‌స్పెక్టరు, యూనిఫాంలోనే వచ్చింది. గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు, అవసరమూ పడదు.

సూపరింటెండెంటు ఆమెను తన గదిలోకి తీసుకెళ్ళి, ఆ పొద్దునే బయటపడిన పాత ఫైలు ముందుకు తోశాడు.

ముప్పై ఏళ్ళ కిందటి సంగతి. రెండో నంబరు మంచం మీది ముసలమ్మకు వేరే రోగి మందు ఇచ్చేసింది నర్సు. వెంటనే తనే పసిగట్టి డాక్టర్ని పిలిచింది. ముసలమ్మ లేచి కూర్చునేదాకా ఆ మంచం వదల్లేదు. కింద ఆమె చేతిరాత: 'తప్పు నాదే.'

దాని కింద ఎర్ర సిరాతో ఎవరో రాసిన ఒకే మాట: నిర్లక్ష్యం.

ఆ మాట వల్లే ఆమె హెడ్ నర్సు కాకుండా రిటైరైంది.

తన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు పైకెళ్ళిపోతుంటే నోరు మెదపని అమ్మ మీద కూతురికి చిన్నప్పటినుంచీ కోపమే. ఇంత పిరికిదానివేంటమ్మా అని ఒకసారి ముఖం మీదే అడిగింది. అమ్మ నవ్వి, కూతురి జడ అల్లుతూనే ఉంది. ఇంట్లో ప్రార్థన చేస్తే మొగుడికన్నా, బిడ్డకన్నా ముందు 'రెండో నంబరు మంచం అమ్మను కాపాడు ప్రభువా' అనేది. మాకంటే ఆ మంచమే ఎక్కువా అని కూతురు ఏడిపించేది. నాన్న మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

"ఈ మచ్చ పోతే తప్ప కమిటీ ఒప్పుకోదమ్మా. నా చేతిలో లేదు," అన్నాడు సూపరింటెండెంటు.

ఆమె ఫైలు మళ్ళీ మొదటినుంచి చదివింది. చదువుతూనే ఆమె చేతులు బల్ల మీది పెన్నులను పొడుగు ప్రకారం సర్దేశాయి. స్టేషన్లో కానిస్టేబుళ్ళు ఆమెను చాటుగా 'లైన్ మేడం' అంటారు.

"నా బల్లకు ఇంత యోగం ఎప్పుడూ పట్టలేదు," అన్నాడాయన.

ఆమె వినలేదు. ఫైల్లో ఉన్నది ఇదీ: ట్రేలో ఒక్కో మందు కప్పు కింద మంచం నంబరు రాసిన చీటీ ఉంటుంది. ఆరో నంబరు రోగికి మూర్ఛ వచ్చిందని నర్సు ట్రేను డ్యూటీ గదిలో వదిలి పరిగెత్తింది. నాలుగు నిమిషాలు. మందులు తెచ్చిచ్చిన కాంపౌండరు సంతకం నాన్నది.

"ఆ నాలుగు నిమిషాల్లో ఎవరో చీటీలు మార్చారు. మా అమ్మ వాళ్ళను వెనకేసుకొచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయిస్తాను."

"మీ నాన్నగారిదైతే?"

"ఎవరిదైనా సరే. పెన్ను మూత తీసి ఉంచండి."

ప్రార్థన గదిలో నాన్న మొదటి బెంచీ మీద, భార్య బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"చీటీలు మార్చింది నువ్వేనా నాన్నా?"

ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు.

"చెప్పొద్దని మీ అమ్మ మాట తీసుకుందిరా."

"అమ్మ లేదుగా ఇప్పుడు."

"అందుకే ఇంకా కష్టంగా ఉంది."

చివరికి బైబిలు ఆమె చేతిలో పెట్టాడు. పేజీల మధ్య నాలుగు చీటీలు, అమ్మ గుండ్రటి అంకెలతో. ఇవి ఫైల్లో ఎందుకు లేవని ఆమె అడగలేదు. నాన్నే మెల్లగా చెప్పుకొచ్చాడు. అమ్మ చీటీలు నంబర్ల వరసలో పెట్టేది కాదట. జబ్బు ఎక్కువున్నవాళ్ళవి ముందు. ఆ వేళ ఒకటి, నాలుగు, రెండు, మూడు. తిరిగొచ్చేసరికి కప్పులు కదల్లేదు గానీ చీటీలు ఒకటి, రెండు, మూడు, నాలుగుగా బారులు తీరి ఉన్నాయి. రెండో కప్పు ముసలమ్మ తాగేశాకే అమ్మ అది గమనించింది.

"ట్రే వదిలి వెళ్ళింది నేను, తప్పు నాదే, ఇందులో అబద్ధం ఎక్కడుంది అనేది మీ అమ్మ," అన్నాడు నాన్న.

ఆమె చీటీలను కిటికీ వెలుగులో తిప్పి చూసింది. నాలుగింటి మీదా ఊదారంగు వేలిముద్ర. తెగిన వేలికి పూసే మందు రంగు. వేలకొద్దీ వేలిముద్రలు చూసిన కళ్ళు ఆమెవి. ఇది చొక్కా గుండీ అంతే ఉంది.

నాన్న చెవిలో ఒక్క మాట అడిగింది, ఆయన తలూపాడు. రెండేసి మెట్లెక్కి పైకి వచ్చింది.

చీటీలు సూపరింటెండెంటు బల్ల మీద పరిచింది. చేతులు అలవాటుగా వరసలో పెట్టబోయాయి. ఆపుకుంది. ఒకటి, నాలుగు, రెండు, మూడు.

"దొరికాడా?" అన్నాడాయన.

"దొరికింది."

"ఎవరు?"

ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"రాసుకోండి సార్. చీటీలు మార్చింది నర్సు కూతురు. ఇంట్లో చూసేవాళ్ళు లేక ఆ వేళ తల్లి డ్యూటీ గదిలో కూర్చోబెట్టుకుంది. వయసు నాలుగేళ్ళు, అంకెలు అప్పుడే నేర్చుకుంది. కింద సంతకం నేను పెడతాను."