గ్లాసుడు నీళ్ల దొడ్డి

ఇంటింటికీ రోజుకింతని కొలిచి నీళ్లిచ్చే రోజులవి. కాలవ నీళ్లకు కరువెరగని అమలాపురం నుంచి మనవరాలిని చూద్దామని అనంతపురం వచ్చిన మంగాయమ్మ, నిన్నటి నుంచి మరుగుదొడ్డికి వెళ్లలేదు. ఆ ఊళ్లో అందరి ఇళ్లలోలాగే ఆ దొడ్లోనూ నీళ్లకు బదులు గాలే మలాన్నంతా లాగేసుకుంటుంది. కడగడానికి గ్లాసుడు నీళ్లు వస్తాయి, అంతే. ఆవిడకు నమ్మకం కుదరలేదు. పొద్దున్నే కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ సంచి సర్దుకుంది.

"బకెట్టుడు నీళ్లు పొయ్యందే నావల్ల కాదే! బస్సెక్కేస్తాను."

కోడలు రెడ్డెమ్మ పాప స్నానానికని కాచిన నీళ్ల బకెట్టు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"ఇవి దొడ్లో పోసుకో అత్తా. పాపకు రేపు పోస్తాంలే."

"అదేంటే? ఇవాళ దానికి స్నానం లేదా?"

"ఈ పొద్దుకు ఉండేవి ఇవే కదత్తా."

ఒళ్లంతా నూనెతో నిగనిగలాడుతూ చాప మీద కాళ్లాడిస్తున్న పసిదాన్ని మంగాయమ్మ చూసింది. బకెట్టును కోడలి వైపు నెట్టేసి, లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

బయటికొచ్చేసరికి ఆవిడ ముఖం తేటపడింది.

"మరక లేదు, వాసనా లేదు! అమలాపురంలో మనింట్లోనూ ఇలాంటిదే పెట్టించమని మీ ఆయనతో చెప్పు" అంటూ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. "ఏదీ, పిల్లనిలా పడుకోబెట్టు. నేను పోస్తాను లాల."