గొణుగుడు

"అదిగో, మళ్లీ!"

సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు.

అద్దానికి అవతల పెద్దాయన వేదం చదువుతున్నాడు. కంచు గొంతు. ఆ గొంతు అడుగున బొంగురుగా ఇంకో గొణుగుడు. పక్క కుర్చీలో ఒదిగి కూర్చున్న ఆయన అక్కగారిది.

పొద్దుట్నుంచీ ఇదే వరస.

ఈ వేదశాఖ అక్షరాలు ఎప్పుడో అచ్చయ్యాయి. స్వరమే దొరకలేదు. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, ఎక్కడ సాగదీయాలి అన్నది పుస్తకంలో పట్టదు. ఒక నోటినుంచి ఇంకో చెవికి రావలసిందే. అది తెలిసినవాడు ఈయనొక్కడే మిగిలాడని స్టూడియోవాళ్లు ఏళ్లతరబడి కాళ్లావేళ్లా పడ్డారు. ఆయన కదిలితేనా! ఇవాళ సాయంత్రం నాలుగింటికి అక్కగారికి గొంతు ఆపరేషన్. అందుకని ఊళ్లోకి వచ్చి దొరికాడు. ఆలోగా ఎంత పట్టుకుంటే అంత.

అలాంటి రోజున ఈవిడ గొణుగుడు!

ఇంజనీరు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"అమ్మా, మీరు ఆయనతోపాటు చదవకండి. మైకులో పడుతోంది."

ఆవిడ పెదాలు కదిపింది. జబ్బుపడ్డ గొంతులోంచి మాట గాలిలా వచ్చింది.

"పక్కన నేనుంటేనే వాడికి ధైర్యం బాబూ."

"ఉండండి, ఎవరొద్దన్నారు? నోరు మాత్రం విప్పకండి."

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మళ్లీ మొదలైంది. ఒక మంత్రం అయిందో లేదో, గొణుగుడు.

ఇంజనీరుకి చిర్రెత్తుకొచ్చింది. వేల ఏళ్లుగా చెవినుంచి చెవికి వచ్చిన చదువు తన చేతుల్లో పాడైపోతోందని భయం కూడా వేసింది. భయంలో పుట్టిన కోపం మరీ చెడ్డది, పెద్దాచిన్నా చూడదు.

"ఏమిటండీ ఇది? ఈ వయసులో ఇంకా అక్కగారి చెంగు పట్టుకునే చదువుతారా?"

పెద్దాయన తల దించుకున్నాడు. "ఆవిడ లేకపోతే నాకు..." అంటూ నీళ్లు నమిలాడు.

"మీకేం కాదు. అమ్మా, ఆటో పిలుస్తాను. మీరు ఆస్పత్రికెళ్లి హాయిగా నడుం వాల్చండి. మీ తమ్ముణ్ణి నేను తీసుకొస్తాగా!"

ఆవిడ మెల్లగా లేచింది. తమ్ముడి భుజం నిమిరింది. గుమ్మం దగ్గర ఆగి ఇంజనీరుతో ఏదో అనబోయి, మానేసి వెళ్లిపోయింది.

ఆటో కదిలిన చప్పుడు వినగానే ఇంజనీరుకి ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు కానివ్వండి!"

పెద్దాయన గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. ఒక మంత్రం బాగానే సాగింది. రెండోదాని మధ్యలో ఆగిపోయాడు.

"ఫర్వాలేదు, మళ్లీ తీసుకుందాం."

మళ్లీ అక్కడే ఆగాడు.

ఇంజనీరు అచ్చుపుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. పెద్దాయన పేపర్లో వార్త చదివినట్టు చదువుకుపోయాడు. అక్షరం ఒక్కటి పోలేదు, స్వరం ఒక్కటి రాలేదు.

"పొద్దున గలగలా చదివారుగా! అంతలోకే ఏమైందండీ?"

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"పోనీ పొద్దుటిది వినిపిస్తాను. దాన్ని అందుకుని ముందుకెళ్దురుగాని."

ఇంజనీరు రికార్డింగు వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు బాగా పెంచాడు.

గొణుగుడు. తరవాత పెద్దాయన.

మళ్లీ గొణుగుడు. ఆ తరవాతే పెద్దాయన.

అనుమానంగా ఇంకోసారి విన్నాడు. ఇంకోచోట పెట్టి విన్నాడు. ఎక్కడ విన్నా అంతే. ప్రతి ఎత్తూ ప్రతి దింపూ ముందు ఆ బొంగురు గొంతులో పలికాకే కంచు గొంతులోకి వస్తోంది. ఆయన వెంట ఆవిడ గొణుగుతోందని పొద్దుట్నుంచీ తను తిట్టుకున్నాడే, చదువుతున్నది ఆవిడ. వెంట అంటున్నది ఈయన.

ఇంజనీరు హెడ్‌ఫోన్లు లాగేసి లోపలికి పరిగెత్తాడు.

"లేవండి! ఆస్పత్రికి పదండి!"

చేతికందిన మైకూ రికార్డరూ సంచిలో కుక్కి, పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కెళ్లాడు. దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఎదురైంది.

"ఇంకా టైముంది. ఆపరేషన్ నాలుగింటికి కదా, బోలెడు టైముంది" అని దారి పొడుగునా తనకి తనే చెప్పుకున్నాడు.

ఆపరేషన్ థియేటరు ముందు నర్సు అడ్డుపడింది.

"ఆవిడ కోసమా? లోపలికి తీసుకెళ్లి చాలాసేపైంది."

"నాలుగింటికన్నారుగా!"

"ముందే వచ్చేశారు కదండీ. ఎలాగూ పరగడుపునే ఉన్నారు, డాక్టరుగారికీ వీలు చిక్కింది."

"ఒక్క అరగంట ఆపమనండి. మీకు పుణ్యముంటుంది, ఒక్క అరగంట!"

"ఇంకేం ఆపుతారు? కోత మొదలైంది. స్వరపేటిక మొత్తం తీసేస్తున్నారు." ఇంజనీరు మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది. "ప్రాణానికేం భయం లేదు. మాటొక్కటే ఇక రాదు."

అతను సంచీతో సహా బెంచీమీద కూలబడ్డాడు. ఆవిణ్ణి ముందే పంపించింది తనే. ఆటో పిలిచింది కూడా తనే. కళ్లనీళ్లు ఆగలేదు.

పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆవిడకి ఇదంతా ఎలా వచ్చిందండీ? మీకు వేదం చెబుతుంటే పక్కన కూర్చుని పట్టుకున్నారా?" అని అడిగాడు ఇంజనీరు.

పెద్దాయన థియేటరు తలుపుకేసే చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"మా నాన్నగారు వేదం చెప్పింది అక్కయ్యకే బాబూ, ఆడపిల్ల చదివిందంటే లోకం ఒప్పుకోదని వినేవాళ్ల ముందు నన్ను కూర్చోబెట్టేవారు."